చైనా బండి, చేవెళ్ళ మెకానిక్

చైనా డర్ట్ బైక్ ఒకటి కొన్నానని చెప్పగానే మా టీములో వచ్చిన మొదటి ప్రశ్న "టాప్ స్పీడ్ ఎంత?". రెండోది "దానికి పెట్టే డబ్బుల్లో ఇంకొంచెం కలిపితే ఎక్స్‌పల్స్ వచ్చేస్తుంది కదా?". మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే దానికసలు స్పీడోమీటరే లేదు :). రెండోదానికి జవాబుంది, కాకపోతే క్యాంటీన్లో టీ చల్లారేలోపు చెప్పగలిగేది కాదు.

ముందు బండి సంగతి. మొయినాబాద్ అవతల ఏటీవీలు, చిన్న చిన్న డర్ట్ బైకులు గంటల లెక్కన అద్దెకి తిప్పుకోనిచ్చే ట్రాక్ ఒకటి ఉండేది. దాన్ని మూసేస్తూ సామానంతా అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళి, 25 వేలకి ఒకటి బేరమాడి తెచ్చుకున్నాను. ట్యాంకు మీద స్టిక్కరు సగం ఊడిపోయింది, మిగిలిన సగం చూస్తే ఏ కంపెనీయో అర్థం కాదు. ఇంజను మీద 125 అని ఉంది. బరువు 70 కేజీల చిల్లర. ఎక్స్‌పల్స్ ఐతే 150 పైనే. తారురోడ్డు మీద ఆ బరువు బానే ఉంటుంది గానీ, దున్నిన చేలో పడ్డప్పుడు లేపాల్సింది మనమే కదా. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎక్స్‌పల్స్ మంచి బండే. 2019లో హీరో వాళ్ళు లక్ష దగ్గర్లో ధర పెట్టి తెచ్చినప్పుడు నేనూ మురిసిపోయాను. కానీ అది ఊళ్ళు తిరిగే బండి. నాక్కావల్సింది మా మేనమామ తోటలో, ఆ పక్కనున్న బీడులో, ఆదివారం ఒక రెండు గంటలు మట్టిలో పొర్లడానికి.

తోట చేవెళ్ళ దగ్గర, మూడెకరాలు. బంతి, టమాటా, ఒక మూల కాస్త క్యారట్. ఇటువైపు ఇంకా బీళ్ళూ బండిబాటలూ మిగిలి ఉన్నాయంటే దానికి పెద్ద కారణం 111 జీవో. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకి నీళ్ళొచ్చే దారిలో ఉన్న 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలు రాకూడదని 1996 మార్చిలో ఇచ్చారు. 2022 ఏప్రిల్లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేసారు. నేను పోయిన ఏడాది తిరిగిన బాటల్లో రెండింటికి ఇప్పుడు అడ్డంగా ప్రహరీగోడలున్నాయి. సరే, అది ఇంకో కథ.

అసలు విషయానికొస్తాను. ఈ చిన్న చైనా బండ్లకి ఏమేం అప్‌గ్రేడ్లు చెయ్యాలి అని యూట్యూబులో వెతికితే వచ్చే వరస దాదాపు ఒకటే. పెద్ద కార్బురేటర్, పెద్ద బోరు సిలిండరు, మోతెక్కువ చేసే సైలెన్సరు, ఎరుపూ నీలం రంగుల్లో అల్యూమినియం ముక్కలు, ఇంకా డబ్బులూ ఓపికా మిగిలితే బ్రేకులు. ఈ వరసని కింద నించి పైకి చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ బండి మొత్తంలో అన్నిటికన్నా నమ్మదగింది ఇంజనే. దాని చుట్టూ ఉన్న బోల్టులు, బేరింగులు, కేబుళ్ళు, బ్రేకులు, వైరింగు.. ఇవన్నీ ఎంత చవగ్గా పెట్టొచ్చో అంత చవగ్గా పెట్టారు. బాగున్నదానికి డబ్బులు పోసి బాగోనిదాన్ని అలాగే వదిలెయ్యడం మనకి తెలియని విద్యేం కాదు. కొత్త ఫ్రేమ్‌వర్కుకి మారదాం అని మూడు మీటింగులు పెడతాం, ఉన్న బ్యాకప్ రీస్టోర్ అవుతుందో లేదో ఒక్కసారి కూడా చూడం.

ఇంజను నమ్మదగిందని నాకు చెప్పింది చేవెళ్ళలో ఉన్న మెకానిక్ అన్న. యాభై దాటిన మనిషి. అప్పటికి ఇద్దరు సిటీ మెకానిక్కులు "చైనా మాల్ సార్, మేం ముట్టుకోం" అని పంపించేసారు. ఈయన బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, ఇంజను కింద చెయ్యి పెట్టి చూసి, "ఇది మన సీడీ హండ్రెడ్ ఇంజనే గద సార్. పేరు మారింది, గంతే" అన్నాడు.

ఆ మాట నిజమెంతో ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. హోండా వాళ్ళు 1958లో సూపర్ కబ్ అని ఒక చిన్న బండి చేసారు, సిలిండరు ముందుకి పడుకున్నట్టుగా ఉంటుంది. 2017కల్లా అవి పది కోట్లు తయారయ్యాయి. ఆ వంశంలోదే 1985లో హీరో హోండా తెచ్చిన సీడీ 100. సిలిండరు లోపలి వ్యాసం 50 మి.మీ., పిస్టన్ స్ట్రోకు 49.5 మి.మీ., వెరసి 97.2 సీసీ. 1994లో వచ్చిన స్ప్లెండరుకీ అదే. అదే హోండా డిజైన్ని చైనాలో, ముఖ్యంగా చోంగ్‌చింగ్ నగరం చుట్టుపక్కల, లెక్కలేనన్ని ఫ్యాక్టరీలు పట్టుకున్నాయి. వాళ్ళ 110 ఇంజనులో స్ట్రోకు అదే 49.5, వ్యాసం మాత్రం 52.4. నా దాంట్లో వ్యాసం 52.4, స్ట్రోకు 55.5. గుణించి చూస్తే 119.7 సీసీ వచ్చింది. 125 అన్నది మార్కెటింగ్ వాళ్ళ రౌండాఫ్ అన్నమాట!

అంటే స్ప్లెండరు భాగాలన్నీ తెచ్చి దీనికి బిగించొచ్చని కాదు. చాలావరకు పట్టవు. కానీ ముప్ఫై ఏళ్ళు సీడీ 100లూ స్ప్లెండర్లూ విప్పిన చేతికి ఇది కొత్త ఇంజను కాదు. టాపెట్ గ్యాప్ 0.05 అని నేను ఫోన్లో పీడీఎఫ్ తెరిచి చదివేలోపు ఆయన ఫీలర్ గేజ్ తీసి సగం పని చేసేసాడు. ఆయిలు లీటరు లోపే పడుతుంది, మనకి తెలిసిన కాగితం ఫిల్టరు ఉండదు, కాబట్టి తొందరగా మారుస్తూ ఉండాలి. ఆ మాట పీడీఎఫ్‌లోనూ ఉంది, ఆయన కూడా చెప్పాడు.

ఇక భాగాలు. ఒకప్పుడు ఇలాంటివన్నీ అలీఎక్స్‌ప్రెస్‌లో తెప్పించుకునేవాళ్ళు. 2020 నవంబరులో మన ప్రభుత్వం దాన్ని నిషేధించిన తర్వాత ఆ దారి మూసుకుపోయింది. నా మటుకు నాకు అదే మంచిదైంది, ఎందుకంటే అప్పుడు బండిలో ఏ భాగం మీద ఏం రాసుందో చదవడం మొదలెట్టాను. చక్రం బేరింగు తీస్తే దాని మీద 6202 అని ఉంది. అది కంపెనీ పేరు కాదు, కొలత. లోపల 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎవరు చేసినా 6202 అంటే అదే. బాగా రాసిన ఇంటర్‌ఫేస్ అంటే అలా ఉండాలి! రాణీగంజ్‌కి వెళ్ళి ఆ నంబరు చెప్తే కౌంటరు మీద నాలుగు మంచి కంపెనీలవి పెట్టారు. పాతవి వేలితో తిప్పితే గరగరమన్నాయి, ఒకదాంట్లో గ్రీజు ఉండాల్సిన చోట తుప్పునీళ్ళున్నాయి.

బోల్టులదీ ఇదే కథ. తల మీద 8.8 అని ఉంటే దాని బలానికి ఒక లెక్కుంది. మొదటి 8 అంటే తెగడానికి 800 మెగాపాస్కల్స్, రెండో 8 అంటే అందులో 80 శాతం దాకా సాగిపోకుండా తట్టుకుంటుందని. నా బండికి ఇంజనుని ఫ్రేముకి పట్టే బోల్టుల తలలు నున్నగా ఉన్నాయి, ఏమీ రాసిలేదు. ఒకటి విప్పుతుంటే చెరుకుగడలా మెలితిరిగి చేతికొచ్చింది. ఇంజను, హ్యాండిల్ క్లాంపులు, బ్రేక్ క్యాలిపర్, వెనక స్వింగ్ ఆర్మ్.. ఈ నాలుగు చోట్లా 8.8వీ, 10.9వీ వేసాం. మొత్తం ఖర్చు ఆరువందల లోపు. ఏ వీడియోలోనూ థంబ్‌నెయిల్‌కి పనికిరాని అప్‌గ్రేడ్ ఇది.

చైను విషయంలో కొంచెం కుస్తీ పట్టాం. వీటికి వచ్చేది 420 చైను. మన బండ్లలో ఎక్కువగా నడిచేది 428. రెండింటికీ పిచ్ ఒకటే, 12.7 మి.మీ. వెడల్పే తేడా. 420 తెగితే చేవెళ్ళలో దొరకదు, 428 ఐతే ఏ షాపులోనైనా ఉంటుంది. అందుకని ముందు చక్రప్పన్ను పుత్లీబౌలి సందుల్లో అరపూట తిరిగి కొలతకి సరిపోయేది పట్టుకున్నాను, వెనకదానికి లేతు మిషను దగ్గర కొత్త రంధ్రాలు వేయించాం. వెనక పళ్ళు కాస్త పెంచాం కూడా. దాంతో పైవేగం తగ్గింది, దిగుడు గట్టు ఎక్కే లాగుడు పెరిగింది. ఇంజను ముట్టుకోకుండా బండి స్వభావం మారిపోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

ముందు మడ్‌గార్డు ఎత్తుగా పెట్టించడం మాత్రం మా నేల నేర్పింది. చేవెళ్ళ వైపు ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. వాన పడ్డాక రేగట్లోకి దిగితే రెండు నిమిషాల్లో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ముద్దగా నిండి చక్రం తిరగడం మానేస్తుంది. డర్ట్ బైకులకి ముందు మడ్‌గార్డు అంత ఎత్తున ముక్కులా ఎందుకుంటుందో నాకు అప్పటిదాకా స్టైలు అనే తెలుసు.

చెయ్యనివి కూడా చెప్పాలి. కార్బురేటర్ మార్చలేదు. చిన్న ఇంజనుకి మరీ పెద్ద కార్బురేటర్ పెడితే పైన కాస్త వస్తుందేమో గానీ, కింద గాలి వేగం తగ్గి మెల్లగా పోయేటప్పుడు తడబడుతుంది. తోటలో నేను పోయేది అంతా ఆ మెల్లగానే. సైలెన్సరు మార్చలేదు సరికదా, ఉన్నదాంట్లో పోయిన గాస్కెట్ వేయించి శబ్దం తగ్గించాను. పక్క చేలో బర్రెలు కట్టేసి ఉంటాయి, అవి బెదిరితే మనం సమాధానం చెప్పుకోవాల్సింది బర్రెలకి కాదు.

ఇక అన్నిటికన్నా డబ్బూ టైమూ పెట్టింది ఆపడం మీద. ముందు బ్రేకు లీవరు స్పాంజిలా లోపలికి పోయేది. హ్యాండిల్ పైపు 22 మి.మీ. కాబట్టి మన బండ్ల మాస్టర్ సిలిండర్లు దానికి పడతాయి. కొత్త సిలిండరు, కొత్త హోసు, కొత్త ప్యాడ్లు, డాట్ 4 ఆయిలు. ఎవరైనా ఇది చేస్తుంటే ఒక్కటి చూసుకోండి, హోసు బిగించే బోల్టు 10 మి.మీ. ఐనా మర 1.0 ఉంటుంది, 1.25 కూడా ఉంటుంది. ఒకదాంట్లో ఇంకోటి రెండు చుట్లు తిరిగి "పట్టింది" అనిపిస్తుంది. పట్టదు.

రెండోది ఇంజను ఆపే స్విచ్చి. దీనికి బ్యాటరీ లేదు, సీడీఐ. కిల్ స్విచ్చి నొక్కితే సీడీఐ నించి వచ్చే ఒక వైరు ఎర్త్ అవుతుంది, అప్పుడు నిప్పురవ్వ ఆగి ఇంజను ఆగుతుంది. ఇప్పుడు ఆలోచించండి, ఆ వైరే ఎక్కడో తెగిపోతే? స్విచ్చి ఎంత నొక్కినా ఇంజను ఆగదు. మన భాషలో చెప్పాలంటే ఫెయిల్ సేఫ్ కాదు. మణికట్టుకి తాడు కట్టుకునే స్విచ్చి కొత్తది పెట్టాం, పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోవాలి. కానీ అది కూడా అదే వైరుని ఎర్త్ చేస్తుంది కాబట్టి, బండి తీసే ముందు ప్రతిసారీ తాడు లాగి చూడాల్సిందే. యాక్సిలరేటర్ కేబులు కూడా మార్చాం. పాతదాన్లో తీగలు రెండు తెగి లోపల గుచ్చుకుంటున్నాయి. అది గుచ్చుకుని ఆగిపోయిన రోజున, ఈ స్విచ్చి పని చెయ్యకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత పట్టుదలకి కారణం నేనొక్కడినే కాదు. తోట చూసుకునే వాళ్ళ కొడుకు, తొమ్మిదో తరగతి. బండి దిగిన మొదటి రోజు నించీ "అన్నా, ఒక్క రౌండ్ అన్నా" అని వెనకే తిరిగాడు. బ్రేకు పని అయ్యేదాకా ఆగమన్నాను. మూడు వారాలు ఆగాడు, ఆ మూడు వారాలూ మెకానిక్ అన్నకి పానాలు అందిస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు హ్యాండిల్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తిరక్కుండా ఒక స్క్రూ పెట్టి, హెల్మెటూ, బూట్లూ, మణికట్టుకి తాడూ కట్టి, కంచె లోపల తిప్పుకోనిస్తాను. నిజం చెప్పొద్దూ, నాకన్నా బాగా తోలతాడు.

గొడవ అక్కడ రాలేదు. పాల దగ్గర వచ్చింది. తోటలో రెండు బర్రెలున్నాయి, పొద్దున్నే పాలు రెండు కిలోమీటర్ల అవతల కేంద్రానికి పోవాలి. వాళ్ళ నాన్న సైకిల్ మీద తీసుకెళ్తాడు. బండి ఇంత బాగా తయారయ్యాక మామకి ఒక ఆలోచన వచ్చింది. "వెనక ఒక క్యారియర్ ఏపియ్‌రా అల్లుడూ. పోరగాడు ఐదు నిమిషాల్ల పోసొస్తడు." నేను కుదరదన్నాను. "ఊళ్ళె ఏడో తరగతోళ్ళు బుల్లెట్లు తోల్తున్నరు, నువ్వేంది లా చెప్తవ్?" అన్నాడు.

చట్టం సంగతి నిజంగానే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఫ్యాక్టరీలోనో, కంచె వేసిన ఆవరణలోనో మాత్రమే నడిచే ప్రత్యేక తరహా బండి మోటారు వాహనం కిందకి రాదు. రోడ్డు మీదకి వచ్చిందంటే మాత్రం 39వ సెక్షను, రిజిస్ట్రేషను ఉండాలి. దీనికి రాదు, టైప్ అప్రూవల్ అనేదే లేదు. రిజిస్ట్రేషను లేకపోతే ఇన్సూరెన్సు లేదు. 2019లో చేర్చిన 199ఎ ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే బండి ఓనరుకో తల్లిదండ్రులకో మూడేళ్ళ దాకా జైలు, 25 వేలు జరిమానా. (అచ్చంగా బండి కొన్న రేటు!) ఇక్కడే మా ఆఫీసు మిత్రులకి కూడా ఒక మాట. రిజిస్ట్రేషన్ ఉన్న బండి కదా అని మీరు ఇష్టమొచ్చినట్టు మార్చడానికీ లేదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదని 52వ సెక్షను అంటోంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. 182ఎలో ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు.

మామ అంతా విని, "అంటే కేసుకి భయపడుతున్నవా?" అన్నాడు.

"కేసుకి కాదు మామా, టిప్పర్లకి."

ఆ రెండు కిలోమీటర్లు హైదరాబాద్ - బీజాపూర్ రోడ్డు మీదవి. అప్పా జంక్షన్ నించి మన్నెగూడ దాకా వెడల్పు చెయ్యాలన్నది పాత మాటే, మర్రిచెట్ల వివాదం గ్రీన్ ట్రిబ్యునల్లో ఏళ్ళ తరబడి నడిచింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సుని గుద్ది 19 మంది పోయారు. అంత పెద్ద బస్సు సంగతే అలా ఐతే, లైటు లేని, అద్దాలు లేని, మోకాలెత్తు బండి మీద రెండు పాల క్యాన్లతో పిల్లాడు.. నేను 8.8 బోల్టులు వేసింది వాడు కంచె లోపల పడితే లేవడానికి. ఆ టిప్పరు ముందు ఏ గ్రేడు బోల్టూ ఒకటే. మామ ఇంకేం మాట్లాడలేదు. ఆ బస్సులో పోయినవాళ్ళలో ఆయనకి ముఖపరిచయం ఉన్నవాళ్ళున్నారు.

రెండు వారాల తర్వాత పాత టీవీఎస్ ఎక్సెల్ ఒకటి చూసాం. ఆర్సీ సరిగ్గా ఉంది, ఇన్సూరెన్సు కట్టించాం, సగం మామ పెట్టాడు, సగం నేను. పెద్ద బోరు కిట్టూ, కార్బురేటరూ, సైలెన్సరూ కలిపి నేను వేసుకున్న అంచనా దాదాపు నా వాటా అంతే. పిల్లాడి నాన్నకి లైసెన్సుంది, పాలు ఇప్పుడు ఆయనే పోసొస్తున్నాడు. పిల్లాడికి నా మీద ఇంకా కోపమే. వాడు బండి తీసే ముందు తాడు లాగి చూపిస్తాడు, కానీ నా మొహం వైపు చూడకుండా చూపిస్తాడు. డర్ట్ బైకు పక్క బీడుకి పోవాలన్నా రోడ్డు దాటాలి కాబట్టి ట్రాలీ ఆటో ఎక్కుతుంది, వెళ్ళి రావడానికి నాలుగొందలు. టీములో వాళ్ళు దీనికి బాగా నవ్వారు.

ఇంకా మిగిలింది వెనక షాకర్. స్ప్రింగు మరీ మెత్తగా ఉంది, నేనెక్కితే సగం దిగిపోతుంది, వాడెక్కితే సరిపోతోంది. మెకానిక్ అన్న కొలతలు తెమ్మన్నాడు. ఈ కన్ను నించి ఆ కన్నుకి 300 మి.మీ., పైన 10 బోల్టు, కింద 12. కాగితం మీద రాసుకున్నాను, శనివారం పుత్లీబౌలి వెళ్ళాలి. పిల్లాడు తనూ వస్తానన్నాడట, నాతో కాదు, మామతో చెప్పాడు.